భుజం పట్టినవాళ్ళు

ఎష్మురాద్ ప్రాణం పోయి పావుగంట కూడా కాలేదు. మా మేనేజరు తాహిర్‌జాన్ తెల్ల హెల్మెట్ పెట్టుకుని పదహారో అంతస్తుకు వచ్చాడు. వచ్చీ రాగానే అడిగిన మాట, "స్లాబు ఎంత మేర పోయింది?" అని.

మనిషి ఊసే లేదు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. మనిషి పోయాడయ్యా అని అరవాలనుకున్నాను, అరవలేదు. విరిగిపడిన కాంక్రీటు కింద నుంచి ఎష్మురాద్ కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలికి బూటు ఉంది. రెండో బూటు ఎక్కడ పోయిందా అని నేను చుట్టూ వెతుకుతున్నాను. స్నేహితుడు చచ్చి పడుంటే బూటు వెతికేవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు. మనసు మొద్దుబారితే మనిషి అలాంటి పనులే చేస్తాడు కాబోలు.

ఈ కథ పనిచేసే వాళ్ళకోసం చెబుతున్నాను. చదువుకునే పిల్లలూ, మీకోసం కూడా. మీరు బస్సులో పోతూ ఆ టవర్లకు ఫొటోలు తీస్తారు. తీసుకోండి, వద్దనను. కానీ అవి ఎలా లేస్తాయో కాస్త వినండి.

స్లాబు పోశాక అది గట్టిపడేదాకా కింద వరసగా నిలబెట్టిన ఇనుప జాకీలు దాన్ని మోస్తాయి. ఎండాకాలమైతే ఫరవాలేదు. చలికాలంలో కాంక్రీటు మొండికేస్తుంది. లోపల తీగలు పరిచి కరెంటుతో వేడి చెయ్యాలి. ఆ శీతాకాలం తాష్కెంట్‌లో కరెంటు ఉంటే ఉంది, లేకపోతే లేదు. మరి కంపెనీ కొన్న జాకీలా, మూడంతస్తులకు మించి చాలవు. పైన కొత్త అంతస్తు లేవాలంటే కింద నుంచి ఊడబీకాలి. ఈమధ్య మా నగరంలో టవరు కట్టడమంటే ఇదే. ఇల్లు ముందు అమ్ముతారు, తర్వాత కడతారు. కొన్నవాళ్ళు తమ ఇల్లు ఎంత ఎత్తు పెరిగిందో ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకుంటారు. అందుకని క్రేను మీద ఒక కెమెరా. వారానికో అంతస్తు లేవకపోతే వాళ్ళకు దిగులు, దిగులు పడితే పక్క టవరుకు పోతారు. రోడ్డు పొడుగునా పక్క టవర్లే కదా. అందరూ ఒకరి మీద ఒకరు పోటీపడి ఆకాశంలోకి పరిగెత్తుతున్నారు. పరిగెత్తేది వాళ్ళు, కాళ్ళు మాత్రం మావి.

ఆ పొద్దున ఎష్మురాద్ స్లాబు అంచు కింద నిలబడి పైకి చూశాడు. చేత్తో తడిమి చూశాడు. వాకీటాకీ తీసి, "సార్, ఇది ఇంకా చెమ్మగానే ఉంది. ఈ వరస రెండు రోజులు ఆపుదామా?" అన్నాడు.

తాహిర్‌జాన్ గొంతు ఖంగుమంది. "నువ్వు మనిషివా, కాంక్రీటువా? దాని బాధ నీకెందుకురా? వరస మొత్తం తియ్యి. క్రేను ఖాళీగా ఉంది, పైకి పంపాలి."

మా వాకీటాకీలన్నీ ఒకే లైను మీద ఉంటాయి. సైటంతా విన్నది. కొందరు నవ్వారు కూడా. నేనూ నవ్వాను. కాంక్రీటువా అనడం బాగుందనిపించింది. ఎష్మురాద్ సుత్తి తీసుకుని వరసగా జాకీలు దించి, క్రేను ఎత్తడానికి వీలుగా ఒద్దికగా పేర్చుకుంటూ పోయాడు. వాడి పనంతా అలాగే ఉంటుంది, చూడముచ్చటగా. చివరి జాకీ దించాక అంచు దిగబడింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. దుమ్ము లేచింది, అంతే.

డాక్టరు వచ్చి చూసి పోయాడు. ఒక పోలీసు అధికారి వచ్చాడు, ఆయన్ని తాహిర్‌జాన్ ఆఫీసు రేకుల గదిలోకి టీకి తీసుకుపోయాడు. మేము ఎష్మురాద్‌ను బయటికి తీసి, వాడి సుత్తితో సహా కిందికి దించి, మేం పడుకునే గదిలో పడుకోబెట్టాం. మేం గది బయట నిలబడి ఉంటే కాసేపటికి తాహిర్‌జాన్ వచ్చాడు. ఈసారి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. తల వంచుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"తమ్ముళ్ళూ, జరగరానిది జరిగింది. చనిపోయినవాణ్ణి కాచుకోబెట్టడం మన పద్ధతి కాదు. వాళ్ళ ఊరు దెనోవ్ అవతల, దూరం. ఇప్పుడు బయలుదేరితే రాత్రికి చేరి, తెల్లారగానే మట్టి ఇవ్వొచ్చు. వ్యాను రెడీగా పెట్టించాను. బియ్యం, నూనె, ఒక గొర్రె కూడా వ్యానులోనే పంపిస్తున్నా. కంపెనీ ఖర్చు. వెంట ఇద్దరు వెళ్ళండి."

మేమేం చేశామో తెలుసా? చేతులు గుండెల మీద పెట్టుకుని, "అల్లా మీకు మేలు చెయ్యాలి" అన్నాం. అవును, అన్నాం. చంపినవాడు గొర్రె పంపిస్తానంటే దణ్ణం పెట్టాం. మాలో కొందరికి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, ఎంత మంచివాడు అని. చచ్చినవాణ్ణి తొందరగా మట్టికి అప్పగించాలన్న భయం మాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ భయం మా గొంతు పట్టుకుందని తాహిర్‌జాన్‌కు మాకన్నా బాగా తెలుసు.

అప్పుడు వాకీటాకీలో జుల్ఖుమార్ అక్క గొంతు వినిపించింది.

జుల్ఖుమార్ అక్క మా క్రేను నడుపుతుంది. పొద్దున చాయ్ ఫ్లాస్కు, రొట్టె సంచిలో వేసుకుని ఎక్కిందంటే సాయంత్రానికే దిగడం. భర్త పోయి చాలా కాలమైంది. నోరు పెద్దది. పైనుంచి మమ్మల్ని పేరుపేరునా తిడుతుంది. ఎవడు సిగరెట్ తాగుతున్నాడో, ఎవడు నిద్రపోతున్నాడో అంతా ఆమెకు కనిపిస్తుంది.

"ఒరే నార్కుల్, వింటున్నావా?" అంది. నార్కుల్ నేనే.

"చెప్పక్కా."

"కింద మీరు చేతులు గుండె మీద పెట్టుకుని వంగుతున్నారు. ఏం ఇచ్చాడ్రా ఆ మహానుభావుడు?"

"వ్యాను ఇస్తున్నాడక్కా. ఊరికి."

"అలాగా. మరి పైన ఏం జరుగుతోందో చూశావా? విరిగిపడిన ముక్కలు లారీకి ఎత్తమంటున్నాడు నన్ను. నీళ్ళు కొట్టి కడిగించమంటున్నాడు. పేర్చిపెట్టిన జాకీలు అన్నిటికన్నా ముందు ఎత్తాలట. అంటే ఏంటి? సాయంత్రానికి అక్కడ ఏమీ జరగలేదు. రేపు ఇంకో వరస. ఆ వరస కింద ఎవడుంటాడు? నువ్వుంటావు సన్నాసీ."

లైనులో అందరూ విన్నారు. తాహిర్‌జాన్ కూడా విన్నాడు. "జుల్ఖుమార్, లైను ఖాళీ చెయ్యి. ముక్కలు ఎత్తు" అన్నాడు.

"ఎత్తను."

"ఏమన్నావ్?"

"చెవుడా? ఎత్తనన్నా. చూడాల్సిన అధికారులు వచ్చి కళ్ళతో చూసేదాకా అక్కడి రాయి అక్కడే ఉంటుంది. అప్పటిదాకా నేను దిగను, ఇంకొకర్ని ఎక్కనివ్వను. పైన తలుపుకి గడియ వేశాను. ఎక్కి విరగ్గొట్టుకో, దమ్ముంటే."

తాహిర్‌జాన్ మెడ ఎర్రబడింది. మావైపు తిరిగి, ఎష్మురాద్ సుత్తి నాకు చూపించి, "నార్కుల్, ఇంకా నిలబడున్న జాకీల వరస నువ్వు దించెయ్. ఈ గోల తర్వాత చూద్దాం" అన్నాడు. సుత్తి పిడికి సిమెంటు అంటుకుని ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ధైర్యం కాదు. చెయ్యి లేవలేదు, అంతే.

అంతలో నా ఫోను మోగింది. ఎష్మురాద్ వాళ్ళ నాన్న.

"నార్కుల్, నువ్వూ వాడూ ఒకే గదిలో పడుకుంటారు. ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నా కొడుకు దొంగా?"

నాకు అర్థం కాలేదు. "అదేం మాట బాబాయ్?"

"మీ పెద్దసారు ఫోను చేశాడు. పనివేళ కాకముందే పైకి పోయి, ఇనుము ఊడబీక్కుని అమ్ముకోబోయి మీద పడేసుకున్నాడన్నాడు. పోలీసులు కేసు పెడతామంటే బతిమాలి ఆపానన్నాడు. వ్యానులో పంపిస్తున్నా, ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా పూడ్చుకోండి, పరువన్నా దక్కుతుందన్నాడు." ముసలాయన ఊపిరి వినిపిస్తోంది. "వాళ్ళమ్మకు ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పమంటావు?"

పొద్దుటినుంచీ రాని కోపం అప్పుడొచ్చింది నాకు.

"అబద్ధం బాబాయ్. ఆ సారే తియ్యమన్నాడు. మీవాడు వద్దన్నాడు, ఆపుదామన్నాడు. సైటంతా విన్నది. దొంగ ఎవడన్నా ఇనుము ఒద్దికగా పేర్చిపెడతాడా?"

ముసలాయన నా చేత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"అయితే వాణ్ణి వ్యానులో దాచి పంపకండి" అన్నాడు. "నలుగురి మధ్య, పట్టపగలు, భుజాల మీద తీసుకుపోండి. అక్కడే మట్టి ఇవ్వండి. నేను వచ్చి చూసుకుంటా. వాళ్ళమ్మకు మాత్రం నేనే చెప్పుకుంటా."

నేను ఆ మాట గదిలో అందరికీ చెప్పాను. చెప్పగానే అంతా ఒక్కసారి మాట్లాడారు. అంత చిన్న గదిలో అంతమంది, బయట మెట్ల మీద ఇంకా అంతమంది. మధ్యలో దుప్పటి కింద వాడు.

"దొంగ అన్నాడా? వాణ్ణా? పక్కవాడి చక్కెర ముక్క ముట్టేవాడు కాదురా వాడు!"

"అరిస్తే ఏం లాభం? శవాన్ని అడ్డం పెట్టుకుని కొట్లాడదామా?"

"అడ్డం కాదు, ముందు. ముందు పెట్టుకుని."

"నీకేం, పెళ్ళాం పిల్లలు లేరు. నాకిద్దరు. ఈ చలిలో పని పోతే ఎక్కడికి పోను?"

"పని ఉంటే మాత్రం? రేపు నీ ఇద్దరికీ గొర్రె పంపిస్తాడులే."

ఆ మాటకు ఇద్దరు పిల్లలున్నవాడు గోడవైపు తిరిగాడు.

సఫర్ తాత అంతసేపూ ఎష్మురాద్ తల దగ్గర కూర్చుని ఉన్నాడు. మాలో అందరికన్నా పెద్ద, ఇటుక పనిలో మేస్త్రి. మాకు నమాజు చేయించేదీ ఆయనే. పోట్లాటలంటే పడదు. "చచ్చినవాణ్ణి పెట్టుకుని బేరాలాడటం పాపంరా" అన్నాడు. "వాడు కాచుకుని ఉన్నాడు. మట్టి అడుగుతున్నాడు."

"మట్టి ఇద్దాం తాతా. దాచి కాదు, చూపించి ఇద్దాం. తండ్రి అడిగింది అదే" అన్నాను.

తాత దుప్పటి అంచు సర్దాడు. "తండ్రి మాట పెద్దది" అన్నాడు చివరికి. "కానీ పొద్దుగూకకూడదు. మధ్యాహ్నం నమాజు కాగానే ఎత్తాలి. అటూ ఇటూ తిప్పడాలు, ఆపడాలు నేనొప్పుకోను."

సరేనన్నాం. పైన విరిగిన స్లాబు దగ్గర కొందర్ని కాపలా పెట్టాం. ఇక శవాన్ని మోసుకుపోయే జనాజా కావాలి, కడిగేవాళ్ళు కావాలి. అవి మొహల్లాలోనే దొరుకుతాయి.

మొహల్లా అంటే మా సైటు వెనక పాత ఇళ్ళ పేట, అందులో మిగిలిన సగం. మిగతా సగం మీదే మా టవరు లేస్తోంది. ఆ సగాన్ని పడగొట్టింది మేమే. ద్రాక్ష పందిళ్ళతో సహా. అందుకని అక్కడివాళ్ళు మాకు సలాం చెప్పరు. తాతా నేనూ మసీదు గుమ్మం దగ్గర నిలబడితే పెద్దమనిషి మీర్‌వాసిల్ బయటికొచ్చి మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"మా గోడలు కూల్చడానికి వచ్చినరోజు ఇటు తొంగిచూశారా ఒక్కరైనా? మా చెల్లెలి ఇంట్లోంచి తందూరు కూడా బయట పెట్టుకోనివ్వలేదు మీరు. ఇప్పుడు జనాజా కావాల్సొచ్చిందా?"

"నిజమే పెద్దాయనా" అన్నాడు తాత. "చెప్పింది వాళ్ళు, కూల్చింది మేము. సుత్తి మా చేతిలోనే ఉంది. ఇవాళ అదే సుత్తి పట్టుకున్నవాడు ఒకడు పోయాడు. వాణ్ణి దొంగంటున్నారు."

మీర్‌వాసిల్ మొహం మారింది. "దొంగా? మమ్మల్నీ అలాగే అన్నారు. ప్రభుత్వ జాగా దొంగిలించి ఇళ్ళు కట్టుకున్నారని. మా తాత నాటిన చెట్టు కింద నిలబెట్టి అన్నారు." లోపలికి తిరిగి కేకేశాడు, "ఒరే, నీళ్ళు కాగబెట్టండి! జనాజా బయటికి తియ్యండి! ఎవడి శవం, ఎక్కడి శవం అని అడిగేది లేదు."

మొహల్లావాళ్ళు కంచె సందులోంచి జనాజా మోసుకుంటూ మా సైటులోకి వచ్చారు. కడిగారు, తెల్లబట్ట చుట్టారు. సైటు మధ్యలో, సిమెంటు బస్తాల పక్కన, వరసలుగా నిలబడి జనాజా నమాజు చేశాం. హెల్మెట్లు తీసి టోపీలు పెట్టుకున్నాం. టోపీలు లేనివాళ్ళు చలికి కట్టుకున్న గుడ్డలతోనే నిలబడ్డారు. నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండు అనిపించింది.

తాహిర్‌జాన్ అప్పటిదాకా దూరం నుంచి చూస్తూ ఉన్నాడు. ఎత్తేముందు దగ్గరికొచ్చాడు. "సరే, ఇక్కడే మట్టి ఇస్తామంటే ఇవ్వండి. నేను కాదన్నానా? కానీ వెనక సందులోంచి తీసుకుపోండి. ముందు గేటు దగ్గర ఇల్లు చూడ్డానికి జనం వస్తున్నారు. ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. బావుంటుందా చెప్పండి?"

"ముందు గేటు నుంచే వచ్చాడు వాడు పనికి" అన్నాడు సఫర్ తాత. అంతే. వంగి ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. నేను పక్క కొమ్ము పట్టాను.

మా దగ్గర జనాజా ఎదురైతే కూర్చున్నవాడు లేవాలి, పోతున్నవాడు ఆగాలి. ఊరికే ఆగితే చాలదు. నాలుగడుగులైనా భుజం పట్టాలి. కొట్టు వదిలేసి వస్తారు, కారు ఆపి దిగుతారు. పగవాడి జనాజా అయినా అంతే. ఎందుకని ఎవరూ అడగరు. ఆడవాళ్ళు వెంట రారు, గుమ్మాల్లో నిలబడతారు. మగవాడన్నవాడు మాత్రం పక్కకు తప్పుకోవడమన్నది మేమెప్పుడూ చూడలేదు, వినలేదు.

గేటు దగ్గర తాళం వేసి ఉంది. కాపలావాడు కోమిల్ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. తాహిర్‌జాన్ మాకంటే ముందు పరిగెత్తుకొచ్చి గేటుకు వీపు ఆనించాడు. "కోమిల్, తెరిచావంటే రేపటినుంచి రాకు! ఈ టవరుకే కాదు, ఏ టవరుకూ రాకు!"

మేము ఆగలేదు. నెట్టలేదు కూడా. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చాం. జనాజా ముందు కొమ్ము ఆయన ఛాతీకి జానెడు దూరంలోకొచ్చింది. అప్పుడాగాం. వెనకాల వందలమంది ఆగారు.

"భుజం పట్టు నాయనా" అన్నాడు సఫర్ తాత. గొంతులో కోపం లేదు. ఎదురుపడ్డ ఎవరికైనా అలాగే చెబుతాడు.

తాహిర్‌జాన్ కూడా మావాడే. ఆయనకీ ఒక మొహల్లా ఉంది, ఆయన తండ్రినీ నలుగురు భుజాల మీదే తీసుకుపోయి ఉంటారు. కుడిచెయ్యి కాస్త పైకి లేచింది, నేను చూశాను. ఆ కాస్తసేపు, దేవుడి మీద ఒట్టు, పడతాడనే అనుకున్నాను. పట్టుంటే మేమేమయ్యేవాళ్ళమో. మంచివాడే పాపం అనుకుని, మట్టి ఇచ్చి వచ్చి, సుత్తులు పట్టుకునేవాళ్ళం. కానీ ఆయన గేటు బయట ఆగిన మెరిసే కార్లవైపు చూశాడు. చెయ్యి దించాడు. పక్కకు తప్పుకున్నాడు.

తప్పుకున్నాడు. వెనక నుంచి "హా!" అని ఒక్క ఊపిరి వినిపించింది. మీర్‌వాసిల్ ఉమ్మేశాడు. "తప్పుకున్నాడ్రా" అన్నారెవరో, నమ్మలేనట్టు. ఆ మాట వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. ఇన్నాళ్ళూ ఆయన మమ్మల్ని తిట్టాడు, గొడ్లలా తోలాడు. భరించాం. పెద్దమనిషి, తిడతాడు అనుకున్నాం. జనాజాకు తప్పుకున్నవాడు మాత్రం మా దృష్టిలో పెద్దమనిషి కాదు, మనిషే కాదు. వాణ్ణి చూసి భయపడటం ఎలాగో మేము ఆ క్షణం నుంచి మర్చిపోయాం.

కోమిల్ తాళం తీశాడు, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు, వచ్చి నా భుజం కింద భుజం పెట్టాడు. "జరుగన్నా, నువ్వలిసిపోయావు" అన్నాడు.

బయట పెద్ద రోడ్డు. గోరీలు ఎడమపక్క, దగ్గరే. కుడిపక్క టవర్ల వరస, ఒకదాని వెనక ఒకటి, అన్నిటి మీదా క్రేన్లు తిరుగుతున్నాయి. సఫర్ తాత ఇంకా ముందు కొమ్ము వదల్లేదు. రోడ్డు మీద ఒక్కక్షణం ఆగి, కుడిపక్కకు తిరిగాడు.

"తాతా, గోరీలు ఇటు" అన్నాను.

"తెలుసులే."

"పొద్దుగూకుతుందన్నావు కదా, తిప్పొద్దన్నావు."

తాత నావైపు చూడలేదు. "ఇటుపక్క ఎంతమంది ఉన్నారో చూశావా? వీళ్ళంతా భుజం పట్టొద్దూ? పాపం తగిలితే నాకు తగలనీ. నడువు."

నడిచాం. మొదటి టవరు కంచె మీంచి ఒకడు తొంగిచూశాడు. అల్లా అన్నాడు, కంచె దూకాడు. వాడి వెనక వాడి ముఠా. లిఫ్టులు కిందికి దిగసాగాయి. పైన రాడ్లు కడుతున్నవాళ్ళు కట్టర్లు నడుముకు దోపుకుని మెట్ల మీద పరిగెత్తుకొచ్చారు. మేస్త్రీలు "ఎక్కడికిరా?" అని అరుస్తున్నారు. "జనాజా!" అని వీళ్ళ జవాబు. దానికి ఎదురు మాట లేదు. మేస్త్రీలు కూడా టోపీలు సర్దుకుని దిగారు. కార్లు ఆగాయి. బస్సు డ్రైవరు బస్సు ఆపి దిగాడు, ప్రయాణికులు దిగారు. జనాజా ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి, నీళ్ళమీద పోతున్నట్టు పోతోంది.

నినాదాలు లేవు. జెండాలు లేవు. భుజం పట్టిన ప్రతివాడూ పక్కవాణ్ణి ఒకటే అడిగాడు. "ఎలా పోయాడు?"

"పచ్చి స్లాబు కింద జాకీలు తియ్యమన్నారు. వద్దన్నాడు. తియ్యమన్నారు. తీశాడు. ఇప్పుడు దొంగంటున్నారు."

"మా దగ్గరా అంతే. నిన్న మాకూ అదే చెప్పారు."

టవరు టవరుకీ ఈ మాటే. మా టవరు ఒక్కటే పాపిష్టిది అనుకునేవాళ్ళం ఇన్నాళ్ళు. ఒక చోట పని చేసేవాడు ఇంకో చోటివాడితో మాట్లాడే తీరిక ఎక్కడుంది మాకు? ఎష్మురాద్ మాట్లాడించాడు. వంతెన దాటి, రోడ్డు చివరికి పోయి తిరిగి గోరీలవైపు మళ్ళేసరికి వెనక్కి చూశాను. ఒక్క క్రేను తిరగడం లేదు.

పొద్దుగూకకముందే మట్టి ఇచ్చాం. నేనూ పిడికెడు వేశాను. చల్లగా ఉంది మట్టి. అప్పటికీ ఏడుపు రాలేదు. "ఎలాంటివాడు వీడు?" అని అడిగాడు సఫర్ తాత, గోరీ పక్కన నిలబడి, మా ఆనవాయితీ ప్రకారం. "మంచివాడు" అన్నాం అందరం. వాణ్ణి ఎన్నడూ చూడనివాళ్ళు కూడా అన్నారు.

తిరిగి వచ్చేసరికి జుల్ఖుమార్ అక్క క్రేను ఖాళీ. మట్టి ఇచ్చారన్న మాట వాకీటాకీలో విని, స్లాబుకు మావాళ్ళు కాపలా ఉన్నారన్న ధైర్యంతో దిగిందట. నిచ్చెన కిందే పోలీసులు పట్టుకున్నారట. పని ఆపించిందని, క్రేను స్వాధీనం చేసుకుందని కేసు. స్లాబు దగ్గర కాపలా పెట్టినవాళ్ళు మాత్రం కదల్లేదు. రాయి అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున సగంమంది స్లాబు కాయడానికి ఆగి, సగంమంది స్టేషనుకు పోయాం. పోయేదారిలో మొహల్లా కలిసింది. మొదటి టవరు కలిసింది, రెండోది కలిసింది. స్టేషను ముందు రోడ్డు మీద జనం పట్టలేదు. టీ తాగడానికి వచ్చిన నిన్నటి అధికారే మెట్ల మీదికొచ్చాడు.

"ఆ ఆడమనిషి సంతకం పెడితే వదిలేస్తాం. ఇనుము దొంగతనం చూశానని ఒక్క సంతకం" అన్నాడు.

"పెట్టిందా?" అని అడిగాను.

ఆయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టలేదని అర్థమైంది. "సరే, ఇంకో దారి చెబుతా" అన్నాడు. "నిన్న అనుమతి లేకుండా పెద్ద రోడ్డు మీద ఊరేగింపు జరిగింది. దానికెవరో ఒకరు బాధ్యులు ఉండాలి కదా. ఆ జనాజా మోసినవాళ్ళు ముందుకు రండి. వాళ్ళను రాసుకుని ఆమెను పంపేస్తాను."

"నేను మోశాను" అన్నాను.

"నేను" అన్నాడు సఫర్ తాత.

"నేను." మీర్‌వాసిల్.

"నేనూ సార్, గేటు తీసింది కూడా నేనే." కోమిల్.

"నేను." "నేను." "రాసుకో, నేను." వెనక నుంచి, ఇంకా వెనక నుంచి. బస్సు డ్రైవరు కూడా వచ్చినట్టున్నాడు, వాడి గొంతు గుర్తుపట్టాను. అధికారికి చిరాకొచ్చింది. "తమాషాగా ఉందా మీకు? జనాజా ఎత్తడానికి నలుగురు చాలు! నలుగురి పేర్లు చెప్పండి!"

"అబద్ధం చెప్పమంటారా సార్?" అన్నాడు సఫర్ తాత. "నలుగురు కాదు. అందరం మోశాం. నిజంగానే మోశాం."

అధికారి గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ వైపు తిరిగి, "ముందు వరసలో ఉన్నవాళ్ళను లోపలికి లాగు" అన్నాడు. కుర్రవాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. కదల్లేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, నేను కూడా" అన్నాడు. "వంతెన దాటాక. నాలుగడుగులే సార్."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎందుకొచ్చిందో, అప్పుడే ఎందుకొచ్చిందో నాకు తెలీదు. అధికారి ఆ కుర్రవాడి మొహంలోకి చూశాడు, మా మొహాల్లోకి చూశాడు. లోపల ఎక్కడో తలుపు గట్టిగా కొట్టిన చప్పుడైంది. వెంటనే జుల్ఖుమార్ అక్క పెద్ద గొంతు.

"ఏమయ్యా! బయట గోలేంటి? ఎవరొచ్చారు?"

"అందరం వచ్చాం తల్లీ" అన్నాడు సఫర్ తాత.

కానిస్టేబుల్ గుమ్మం పక్కకు జరిగాడు. అక్కకోసం మేము మెట్లెక్కాం.